కథల నుంచి చరిత్రకు, చరిత్ర నుంచి జీవితాలకు: చదువరులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి గ్రంథాలయంలో నెలకు రెండు ఆదివారాలు పదిహేను ఇరవై మందిమి కూర్చుని చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. కొత్తగా వచ్చేవాళ్ళ సందేహాలు ఏళ్ళ తరబడి ఇంచుమించు అవే. చెప్పిందే చెప్పడం నాకు విసుగు కాదు. కానీ దూరాన ఉండి రాలేనివాళ్ళు కూడా అవే అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవనక్కరలేదు. ఏ ప్రశ్న మీదో చూసుకుని దాని దగ్గరికే వెళ్ళండి. పుస్తకాల ఎంపికలో నా ఇష్టాయిష్టాలు ఉన్నాయి, వాటిని దాచలేదు.

## మొదలుపెట్టే ముందు

నవలలు తప్ప ఏవీ చదవలేకపోతున్నాను. చరిత్ర పుస్తకం పట్టుకుంటే పది పేజీలకే నిద్ర వస్తోంది. నాకు ఆ రాత లేదేమో?

రాత ఉంది. మీరు తలుపు తప్పు దిక్కు నుంచి తట్టారు, అంతే. చాలామంది చరిత్ర అనగానే అన్నిటికంటే లావుపాటి గ్రంథం తెచ్చుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. నేనూ ఇంటర్మీడియట్ సెలవుల్లో అదే పని చేసి, శాతవాహనుల రాజుల జాబితా దగ్గర ఆగిపోయి, నాలుగేళ్ళు మళ్ళీ చరిత్ర జోలికి పోలేదు.

మీకు బాగా నచ్చిన నవల ఒకటి తీసుకోండి. అది ఏ ఊళ్ళో, ఏ కాలంలో జరిగిందో చూడండి. ఆ ఊరి గురించి, ఆ కాలం గురించి ఒక్క అధ్యాయం వెతికి చదవండి. పుస్తకం మొత్తం వద్దు. పాత్రలు నడిచిన వీధులు మీకు ముందే తెలిసి ఉంటాయి కాబట్టి ఆ అధ్యాయంలోని ప్రతి వాక్యం ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. ఆసక్తి అలా తగులుకున్న చోటు నుంచే పెరుగుతుంది.

ఫోను చూసీ చూసీ నాలుగు పేజీలు కూడా కదలడం లేదు. ఎలా?

చిన్న కథలతో మొదలుపెట్టండి. ఒక కూర్చోవడంలో అయిపోయేది రోజుకు ఒకటి చాలు. ఫోను వేరే గదిలో ఉంచండి, పక్కన బోర్లించి పెడితే లాభం లేదు. మా బృందంలో ఒకావిడ తెల్లవారి కుక్కరు మూడు కూతలు వేసే లోపు ఎంత చదవగలిగితే అంతే చదువుతారు. అలా ఏడాదిలో పదకొండు పుస్తకాలు పూర్తి చేశారు.

మొదలుపెట్టిన పుస్తకం నచ్చకపోయినా చివరిదాకా చదవాలా?

అక్కరలేదు. యాభై పేజీలు ఇవ్వండి, చాలు. ఒక్క జాగ్రత్త: పక్కన పెట్టిన పుస్తకం పేరు, ఆపిన పేజీ, ఆపిన కారణం ఒక కాగితం మీద రాయండి. ఇరవై ఏళ్ళప్పుడు ఆపిన పుస్తకాలు నలభై దాటాక తెరిస్తే కొన్ని నా కోసమే రాసినట్టు అనిపించాయి.

## అద్భుత కథలు, సైన్స్ ఫిక్షన్

ఇంత వయసొచ్చాక మాయలు మంత్రాల కథలు చదవడం కాలక్షేపమే కదా?

కాదని నా గట్టి నమ్మకం. కాశీమజిలీ కథల చట్రం చూడండి. మణిసిద్ధుడనే సన్యాసికి కాశీకి తోడు రావడానికి ఎవరూ ఒప్పుకోరు. చివరికి పశువుల కాపరి కుర్రవాడొకడు ఒప్పుకుంటాడు, అదీ ఒక షరతు మీద: ప్రతి మజిలీలోనూ తాను అడిగిన వింతకు కథ చెప్పాలి. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా నడిపిన ఆ కథలన్నీ ఆ కుర్రవాడి ప్రశ్న మీదే నిలబడ్డాయి. ఎదురుగా కనిపించిన వింతను చూసి ‘ఇది ఎందుకిలా ఉంది?’ అని అడిగే బుద్ధి లేకపోతే చరిత్రా ఒంటబట్టదు, విజ్ఞానమూ ఒంటబట్టదు.

ఇంకాస్త వెనక్కి వెళితే 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం ఉంది. ఇంకా జరగని కథను బ్రహ్మ సరస్వతికి ముందే చెబుతాడు, తరవాత అది జరుగుతుంది. కథ లోపల కథ, దాని లోపల ఇంకో కథ. పాఠకుడు దారాలు పట్టుకుని ఓపికగా వెనక్కి నడవాలి. కాలంతో ఇంత ధైర్యంగా ఆడుకున్న కావ్యం మన భాషలో ఉండగా ఊహాకథలను పిల్లల సరుకు అని ఎలా పక్కన పెట్టగలం? పద్యాలు కష్టమనిపిస్తే వచనంలో చదవండి. మొదటిసారికి అందులో తప్పేమీ లేదు.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అంటూ ఉందా, లేక అన్నీ అనువాదాలేనా?

ఉంది. అయితే పుస్తకాల షాపులో ఆ పేరుతో ఒక అలమర కనబడదు కాబట్టి లేదనుకుంటాం. యంత్రాలు, గ్రహాలు ఉంటేనే ఆ జాతి కథ అనుకోకుండా, ‘ఇలా ఉంటే ఏమవుతుంది?’ అని అడిగిన ప్రతి కథనూ కలుపుకుని చూడండి.

కందుకూరి వీరేశలింగం 1890ల్లోనే సత్యరాజా పూర్వదేశయాత్రలు రాశారు. స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల ప్రేరణతో పుట్టిన రచన అది. అందులో సత్యరాజు ఆడుమళయాళం అనే దేశం చేరతాడు. అక్కడ ఏలుబడి ఆడవాళ్ళది, అణిగి ఉండడం మగవాళ్ళ వంతు. మన ఇళ్ళలో స్త్రీల మీద ఉన్న కట్టుబాట్లను తిరగేసి చూపడానికి ఆయనకు ఊహాదేశమే పనికొచ్చింది. వితంతు వివాహాల కోసం తిట్లు తిన్న మనిషి ఈ కథ కూడా రాశాడని గుర్తుంచుకుని చదివితే ఒక్కో పేజీ బరువు తెలుస్తుంది.

విశ్వనాథ సత్యనారాయణ హాహాహూహూలో గుర్రం ముఖమున్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. అతన్ని చూసి ఆ నగరం ఏం చేసిందన్నదే కథ. చిన్న పుస్తకం, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఈ దారికి కొత్తయితే దీనితోనే మొదలుపెట్టండి.

మా పిల్లవాడికి పదేళ్ళు. తెలుగు అక్షరాలు వచ్చు గానీ కథలంటే ఇష్టపడడు. ఏం ఇవ్వాలి?

ముందు మీరు చదివి వినిపించండి, వాడి చేతికి ఇవ్వడం తరవాతి మాట. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు ఇంటర్నెట్‌లో బొమ్మలతో సహా దొరుకుతాయి. వాటిలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్స్ ఏరుకోండి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, పాతాళదుర్గం. నెల నెలా ఆగి చదివించడానికి రాసినవి కాబట్టి ప్రతి భాగమూ ఊపిరి బిగపట్టే చోట ఆగుతుంది. రాత్రి ఒక్క భాగమే చదివి, వాడు ఎంత అడిగినా పుస్తకం మూసేయండి. మర్నాడు స్కూలు నుంచి వచ్చి తానే తెరుస్తాడు. మా అక్క కొడుకు విషయంలో నాలుగో రోజున జరిగింది.

చందమామ సంపాదకత్వం చూసిన రచయిత కొడవటిగంటి కుటుంబరావు చేయి తగిలిన వాక్యాలవి. పొట్టిగా, సూటిగా ఉంటాయి, తడబడకుండా చదవడానికి అలవాటు చేస్తాయి.

పాత జానపద కథల్లో ఆడవాళ్ళనూ కులాలనూ చూపిన తీరు ఇబ్బందిగా ఉంటోంది. చదవడం మానేయాలా?

ఆ ఇబ్బంది నిజమైనదే, మింగేయకండి. నేను మాత్రం మానలేదు. ఆ కాలం దేన్ని సహజమనుకుందో తెలియడానికి ఆ కథలే సాక్ష్యం. పిల్లలకు చదివేటప్పుడు అలాంటి చోట ఆగి ‘ఇది న్యాయమా?’ అని అడుగుతాను. వాళ్ళు చెప్పే జవాబులు చాలాసార్లు నాకంటే సూటిగా ఉంటాయి.

## చరిత్ర

చారిత్రక నవల చదివితే చరిత్ర తెలిసినట్టేనా?

ఆ కాలం మీద ప్రేమ పుడుతుంది. చరిత్ర తెలియడం వేరు. ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి చదివినవాళ్ళకు రుద్రమదేవి కళ్ళెదుట నిలుస్తుంది. ఆమె మాట, గుర్రం మీద ఆమె కూర్చునే తీరు, గన్నారెడ్డి సాహసాలు అన్నీ మనసులో ముద్ర పడతాయి. ఇప్పుడు నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనానికి రండి. శక సంవత్సరం 1211 మార్గశిరంలో, అంటే 1289 నవంబరులో వేయించినది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి చేరినందుకు వారికి పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే అతను చేసిన దానం గురించి ఆ రాయి చెబుతుంది. అంతవరకే.

రాణీ, సేనానీ ఒకేసారి ఎందుకు మరణించారు? కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో అని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. అంబదేవుడి తిరుగుబాటునూ ఈ రాతినీ పక్కపక్కన పెట్టి చేసిన అనుమానం అది. దానికి బలం ఉంది, కానీ అది అనుమానమే. నవలాకారుడైతే ఆ ఖాళీలో యుద్ధరంగాన్ని నింపుతాడు, అది ఆయన హక్కు. చరిత్రకారుడు ఆ ఖాళీ అంచున నిలబడి ‘నాకు తెలిసింది ఇంతవరకు’ అంటాడు. ఈ రెండూ కలగలిసిపోకుండా చూసుకుంటే చాలు, నవలలు ఎన్నయినా చదవండి.

రెండు పుస్తకాలు ఒకే సంగతిని రెండు రకాలుగా చెబితే ఏది నమ్మాలి?

చెప్పినవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో ముందు చూడండి. మార్కో పోలో 13వ శతాబ్దం చివర మన తీరం గురించి రాస్తూ మోటుపల్లి రేవు పేరుతో ఆ రాజ్యాన్ని ప్రస్తావించాడు. అక్కడ రాణి పాలిస్తోందనీ, న్యాయంగా పాలిస్తోందనీ మెచ్చుకున్నాడు. ఆమె చనిపోయిన రాజు భార్య అని కూడా రాశాడు. అది పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు.

మరి అతని మాట మొత్తం కొట్టిపారేయాలా? వద్దు. రేవుల్లో వర్తకుల నోట విన్న మాట అది. సింహాసనం మీద ఒక స్త్రీ ఉందంటే రాజు భార్యే అయి ఉంటుందని దూరదేశపు వర్తకుడు అనుకోవడం సహజం. అంతఃపుర బంధుత్వాల విషయంలో అతని మాట బలహీనం. కానీ అక్కడి సన్నని బట్టల గురించి రాసినప్పుడు అతను వర్తకుడి కన్నుతో చూస్తున్నాడు, అక్కడ నమ్మవచ్చు. మనిషిని బట్టి కాక అతను చెప్పే విషయాన్ని బట్టి నమ్మకం ఇవ్వడం నేర్చుకోవాలి.

రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు గుర్తుండవు. అవి లేకుండా చరిత్ర చదవవచ్చా?

నిక్షేపంగా చదవవచ్చు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) అందుకే రాశారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతలకు మొక్కారు అన్నవే ఆయనకు ముఖ్యం. తెలుగుకు కేంద్ర సాహిత్య అకాడమీ ఇచ్చిన మొదటి పురస్కారం, 1955లో, ఈ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్ళయింది.

ఆయన కావ్యాలను సాక్షులుగా పిలిచిన పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి పద్యం ఒకటి ఉంది. కప్పురభోగి బియ్యంతో అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. అన్నీ కలిపి లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు. ఆ ఒక్క పద్యంలో ఓరుగల్లులో డబ్బిచ్చి భోంచేసే ఇల్లు ఉందనీ, గోధుమ తెలుసుననీ, భోజనం పెరుగుతో ముగిసేదనీ, దానికి ఒక ధర ఉందనీ తెలుస్తోంది. కాకతీయుల వంశవృక్షం నాకు ఇప్పటికీ తడబడుతుంది. ఈ విస్తరి మాత్రం ఏ వరసలో వడ్డించారో చెప్పగలను.

పుస్తకాల్లో శక సంవత్సరాలు, విరోధి, ప్రమాది వంటి పేర్లు ఉంటాయి. లెక్క ఎలా?

శక సంవత్సరానికి 78 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. జనవరి తరవాత ఉగాది లోపు పడే తిథులకు 79 కలపాలి. ప్రభవ నుంచి అక్షయ దాకా పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి వాటితో లెక్క సరిచూసుకోవచ్చు. శక 1211 విరోధి, అంటే 1289–90. దానికి పదకొండు అరవైలు, 660 కలపండి, 1949–50 వస్తుంది. అదీ విరోధే. ఇంట్లో పెద్దవాళ్ళు ‘నేను ఫలానా సంవత్సరంలో పుట్టాను’ అని పేరు చెప్పినా ఈ లెక్కతోనే పట్టుకోవచ్చు.

వందేళ్ళ నాటి పుస్తకాల భాష నోరు తిరగడం లేదు. అర్థం చేసుకోవడం ఎలా?

మొదటి ఇరవై పేజీలు పైకి చదవండి. కంటికి అడ్డం పడేది చెవికి పడదు. అరసున్నను (ఁ) పట్టించుకోకండి, శకటరేఫను (ఱ) మామూలు ర లాగా చదవండి. పేజీల అంకెలు తెలుగులో ఉంటే పదీ నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టదు. ‘చేసెను’, ‘వచ్చుచుండెను’ వంటి క్రియలు రెండు రోజుల్లో అలవాటవుతాయి. తెలియని మాటకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో పాత నిఘంటువులన్నీ ఒకేచోట వెతకవచ్చు. ప్రతి మాటకూ ఆగకండి. పేజీకి ఒకటి చాలు.

## జీవిత కథలు

జీవిత చరిత్ర, ఆత్మకథ, జ్ఞాపకాలు అన్నీ ఒకటేనా?

కాదు. ఒకరి జీవితాన్ని మరొకరు ఉత్తరాలు, కాగితాలు, సాక్షులు వెతికి రాస్తే జీవిత చరిత్ర. తన బతుకంతా తానే చెప్పుకుంటే ఆత్మకథ. జీవితంలో ఒక ముక్కనో, తాను చూసిన మనుషులనో గుర్తు చేసుకుంటే జ్ఞాపకాలు.

తెలుగులో ఆధునిక జీవిత చరిత్రకు ఒక మంచి ప్రారంభం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. 1907లో వారి మొదటి ప్రచురణగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర వచ్చింది. వందేమాతరం రోజుల్లో తెలుగు కుర్రవాళ్ళ చేతికి ముందుగా ఇవ్వవలసింది బానిసత్వం రద్దు చేసిన మనిషి జీవితమని వాళ్ళు అనుకోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఆత్మకథలో రాసినదంతా నిజమేనా?

మనిషి తన గురించి రాసుకునేటప్పుడు కొన్ని మరిచిపోతాడు, కొన్ని మెత్తబరుస్తాడు, కొన్ని ఎదుటివాడి మీద వేస్తాడు. అబద్ధం చెప్పాలని కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది. అందుకే నేను మూడు చోట్ల ఆగుతాను. రచయిత తనకు నష్టం కలిగించే సంగతి చెప్పినప్పుడు ఎక్కువగా నమ్ముతాను. శత్రువు గురించి చెప్పినప్పుడు ఆ శత్రువు ఏమన్నాడో వెతుకుతాను. ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడతాను. మూడు వందల పేజీల్లో భార్య పేరు రెండుసార్లు వచ్చిన పుస్తకాలు చూశాను. అదీ ఆ జీవితం గురించి ఒక నిజమే.

ఏ ఆత్మకథతో మొదలుపెట్టమంటారు?

మీకు ఏది ఇష్టమో దాన్ని బట్టి చెబుతాను. మాట తీరు ఇష్టమైతే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూను. గోదావరి జిల్లాల ఇళ్ళలోని తెలుగును అంత రుచిగా రాసినవారు నాకు మరొకరు కనబడలేదు. రాజకీయాలు ఇష్టమైతే టంగుటూరి ప్రకాశం నా జీవిత యాత్ర. అందులోనూ చిన్నతనపు పేదరికం రాసిన పేజీలు ముందు చదవండి. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ రోజున తుపాకులకు ఎదురు నిలిచిన మనిషి ఎక్కడ తయారయ్యాడో ఆ పేజీల్లో ఉంది.

ఊళ్ళు తిరగడం ఇష్టమైతే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పేవాడిగా, పనిచేసిన ఆయన 1830–31లో పదిహేను నెలలు పెద్ద పరివారంతో కాశీకి వెళ్ళి వచ్చారు. దినచర్యగా రాసుకున్నది కాబట్టి ఏ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ ఏరు దాటడం కష్టం అన్నీ ఉంటాయి. రైలు లేని రోజుల్లో దేశం ఎంత పెద్దదో కాళ్ళతో కొలిచి చూపిన పుస్తకం.

అన్నీ గొప్పవాళ్ళ కథలే. మామూలు మనుషుల జీవితాలు ఎక్కడ దొరుకుతాయి?

దొరుకుతాయి, వెతకాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ళ నోటనే రికార్డు చేసి 1986లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది. తుపాకీ పట్టినదాని గురించి ఎంత చెప్పారో, అడవిలో పసిబిడ్డ ఏడుపు ఆపలేని తల్లి బాధ గురించీ అంత చెప్పారు. పోరాటం ముగిశాక ‘ఇక ఇంటికి వెళ్ళండి’ అన్నప్పుడు వాళ్ళకు తగిలిన దెబ్బ ఏ అధికారిక చరిత్రలోనూ ఉండదు. వై.బి. సత్యనారాయణ రాసిన ‘మా నాయన బాలయ్య’ దళిత కుటుంబంలో మూడు తరాలు రైల్వే కొలువునూ చదువునూ పట్టుకుని ఎదిగిన కథ. ముందు ఇంగ్లీషులో రాసినది, తెలుగులోనూ ఉంది. ఈ రెండూ మా బృందంలో అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడించిన పుస్తకాలు.

## మూడు రకాలనూ కలిపి చదివేటప్పుడు

ఒకే కాలం గురించి నవల, చరిత్ర, ఆత్మకథ మూడూ చదవమంటారు. ఏ వరసలో చదవాలి?

నవల ముందు, ఆత్మకథ తరవాత, చరిత్ర చివర. నిజాం కాలపు తెలంగాణ తీసుకోండి. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు నవలతో మొదలుపెడితే దొర గడీ, వెట్టి, ఊరి భయం ఒంటికి తగులుతాయి. అదే రచయిత ఆత్మకథ జీవనయానం చదివితే నవలలోని ఏ వేడి ఆయన బతుకులోంచి వచ్చిందో పోల్చుకోవచ్చు. ఆ తరవాత 1946–51 పోరాట చరిత్ర తెరవండి. భూమి శిస్తు, జాగీర్లు, సంఘం వంటి మాటలకు అప్పటికి మీ మనసులో ముఖాలు ఏర్పడి ఉంటాయి.

చరిత్రతోనే మొదలుపెట్టి నవలకు వచ్చినవాళ్ళూ మా బృందంలో ఉన్నారు, వాళ్ళకు అది బాగానే కుదిరింది. కానీ కొత్తవాళ్ళకు నా వరసే చెబుతాను.

చదివింది వారం తిరక్కుండా మరిచిపోతున్నాను. ఏమైనా ఉపాయం ఉందా?

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పుస్తకానికి ఒకే పేజీ. సారాంశం వద్దు. మూడు సంగతులు రాయండి: కళ్ళకు కట్టిన ఒక దృశ్యం, నమ్మలేకపోయిన ఒక మాట, ఇంకా వెతకవలసిన ఒక పేరు. తరవాత ఏ పుస్తకం తీయాలో ఆ మూడో సంగతే చెబుతుంది.

## పుస్తకాలు దొరకడం

మీరు చెప్పే పుస్తకాలు సగం షాపుల్లో లేవంటున్నారు. ఎక్కడ వెతకాలి?

ముందు మీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. అలమరలో లేకపోతే లేదని వచ్చేయకండి, లోపలి గదిలో ఉందేమో చూడమనండి. పాత పత్రికలకూ అరుదైన పుస్తకాలకూ వేటపాలెం సారస్వత నికేతనం (1918), హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం (1901), బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. వేటపాలెంలో కూర్చుని పాత పత్రిక తిప్పిన ఒక్క ఉదయం నాకు ఏ తీర్థయాత్రకూ తీసిపోలేదు.

కొనుక్కోవాలంటే కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం, చలికాలపు హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలు. అబిడ్స్‌కు పొద్దున్నే వెళ్ళండి. సోవియట్ రోజుల్లో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలు మాస్కో నుంచి పంపిన తెలుగు పుస్తకాలు ఇప్పటికీ అక్కడ అప్పుడప్పుడు కనబడతాయి. ఆ గట్టి అట్టలు అలాగే ఉన్నాయి.

ఇంటర్నెట్‌లో స్కాన్ చేసినవి దించుకుని చదవడం తప్పా?

మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరవాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. వీరేశలింగం 1919లో, అడివి బాపిరాజు 1952లో, సురవరం 1953లో పోయారు. వాళ్ళవి నిశ్చింతగా చదవవచ్చు. వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. బతికి ఉన్న రచయితల పుస్తకాలు మాత్రం కొనండి. తెలుగులో వెయ్యి కాపీలు అమ్ముడవడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలిస్తే దొంగ స్కాను మీద చేయి పడదు.

## చదవడం నుంచి మన ఇంటి కథకు

ఇవన్నీ చదివాక మా అమ్మమ్మ జీవితం రాసిపెట్టాలనిపిస్తోంది. ఏమడగాలో తెలియడం లేదు.

ఆలస్యం చేయకండి. ‘నీ జీవితం గురించి చెప్పు’ అంటే ‘ఏముంది చెప్పడానికి’ అంటారు. చేతికి తగిలే ప్రశ్నలు అడగండి. పెళ్ళినాటికి ఇంట్లో బియ్యం ఎక్కడ దాచేవారు? కాన్పుకు పుట్టింటికి ఏ బండిలో వెళ్ళావు? మొదటిసారి సొంతంగా చేతిలోకి వచ్చిన డబ్బు ఎంత, దానితో ఏం కొన్నావు?

తేదీలు అడిగితే తెలియదంటారు. అందరికీ గుర్తున్న సంఘటనకు ముందా తరవాతా అని అడగండి. కృష్ణా తీరపు ఊళ్ళలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అలాంటి గుర్తు. మా నాయనమ్మ ఇల్లు ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియలేదు. ఉప్పెన ఊసెత్తగానే ఆమె చెప్పింది: ‘అప్పటికి పైకప్పు పడలేదు. రాత్రంతా గోడ మూలన నిలబడి, మీ నాన్న నెత్తిమీద ఇత్తడి గంగాళం బోర్లించి పట్టుకున్నాను.’ ఫోనులో రికార్డు చేసి, ఆమె మాటను ఆమె మాటగానే కాగితం మీద పెట్టాను. గంగాళం ఇప్పుడు మా ఇంట్లో ఉంది, అంచున ఒకచోట సొట్ట.